రోజూ తినే రెండు ముక్కల లెక్క: సాసేజ్, సలామీ, హామ్‌ల గురించి అడిగినవారికి

అమ్మా, మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతవరకు ముందుగా చెప్పుకుంటాను. డల్లాస్‌లో ఉన్న మీ అమ్మాయి ఏడేళ్ల మనవడికి రోజూ టర్కీ కోడి మాంసపు ముక్కలతో శాండ్‌విచ్ కట్టి బడికి పంపుతోంది. పొట్లం మీద ‘అన్‌క్యూర్డ్’, అంటే నైట్రైట్ లవణాలతో ఊరబెట్టనిది, అని రాసి ఉంది కాబట్టి భయం లేదని ఆమె అంటోంది. విజయవాడలో మీ వారు రక్తపోటుకు మాత్రలు వేసుకుంటూనే వారానికి నాలుగైదు పొద్దులు చికెన్ సాసేజ్‌లు వేయించుకుని తింటున్నారు. ఇవన్నీ సిగరెట్‌తో సమానమని చెప్పే వీడియో ఒకటి మీ ఫోనుకు వచ్చింది. ఆ లెక్కన మన మటన్ పచ్చడి, ఎండుచేపలు కూడా మానేయాలా అన్నది మీ సందేహం. వీటి మధ్యలో, అమ్మాయికి ఇప్పుడు అయిదో నెల అని యథాలాపంగా ఒక మాట రాశారు. ఇరవై ఏళ్లకు పైగా ఆసుపత్రిలో ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్న నాకు మీ ఉత్తరంలో తొందరగా పట్టించుకోవలసినదిగా కనిపించింది ఆ మాటే, కనుక దానితోనే మొదలుపెడతాను.

గర్భిణులకు ఇలా ప్రాసెస్ చేసిన మాంసంతో వచ్చే ముప్పు క్యాన్సర్‌లాగా ఇరవై ఏళ్ల తరువాత వచ్చేది కాదు. లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చల్లదనంలో కూడా నింపాదిగా పెరుగుతుంది. కోసి పెట్టిన టర్కీ, హామ్ (ఊరబెట్టిన పంది తొడ మాంసం), సలామీ (పులియబెట్టి ఆరబెట్టిన సాసేజ్) వంటివి వండకుండా, పొట్లం విప్పి నేరుగా తినేవి కాబట్టి అది అక్కడి నుంచి సులువుగా కడుపులోకి చేరుతుంది. ఆరోగ్యవంతులకు రెండు రోజుల జ్వరంతో పోయేది, గర్భిణికి సోకితే గర్భస్రావానికి, నెలలు నిండకుండానే ప్రసవానికి, పసికందు ప్రాణాపాయానికి దారితీయవచ్చు. 2017, 2018 సంవత్సరాల్లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే చవక రకం సాసేజ్ వల్ల ఈ జబ్బు 1,000 మందికి పైగా సోకి, 200 మందికి పైగా చనిపోయారు. జబ్బుపడినవారిలో అప్పుడే పుట్టిన శిశువులు చాలా ఎక్కువ. అందుచేత మీ అమ్మాయి ప్రసవమయ్యే వరకు ఈ ముక్కలను మానేస్తే మంచిది. తినక తప్పని రోజున 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరేలా, అంటే పైకి ఆవిరి పొగలు వచ్చేదాకా వేడి చేసుకుని వెంటనే తినమని చెప్పండి. పిల్లవాడికి కట్టే చేత్తోనే ఒక ముక్క నోట్లో వేసుకునే అలవాటు తల్లులందరికీ ఉంటుంది, ఆ సంగతి ప్రత్యేకంగా గుర్తుచేయండి.

ఇక అసలు విషయానికి వస్తాను. ప్రాసెస్ చేసిన మాంసం అంటే యంత్రంలో పడిన ప్రతి మాంసమూ కాదు. రుచి కోసమో, నిల్వ కోసమో ఉప్పు పట్టించడం, నైట్రైట్ వంటి లవణాలతో ఊరబెట్టడం, పులియబెట్టడం, పొగ పట్టించడం వంటి పద్ధతులతో మార్చిన మాంసానికే ఆ పేరు వర్తిస్తుంది. సాసేజ్, హామ్, బేకన్ (ఊరబెట్టిన పంది మాంసపు పలుచటి ముక్కలు), సలామీ, పెప్పరోనీ, హాట్‌డాగ్, డబ్బాల్లో అమ్మే మాంసం ఈ జాబితాలోవే. కొట్టులో మీ ఎదుటే కొట్టించుకున్న కీమా ఇందులోకి రాదు, గడ్డకట్టించి అమ్మే పచ్చి కోడిమాంసమూ రాదు. చికెన్ నగ్గెట్స్ సంగతి పొట్లాన్ని బట్టి ఉంటుంది. వాటిలో చాలావాటికి నైట్రైట్ కలపరు గానీ, ఉప్పు, నూనె, పిండి మాత్రం దండిగా ఉంటాయి.

మీకు వచ్చిన వీడియోకు మూలం 2015 అక్టోబరులో వచ్చిన ఒక ప్రకటన. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, 10 దేశాల నుంచి 22 మంది శాస్త్రవేత్తలను కూర్చోబెట్టి, 800కు పైగా అధ్యయనాలను పరిశీలింపజేసింది. ప్రాసెస్ చేసిన మాంసం పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతుందనడానికి తగినన్ని ఆధారాలు ఉన్నాయని వారు తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చారు. పొగాకు కూడా ఆ వర్గంలోనే ఉంది. అక్కడి నుంచి ‘సాసేజ్, సిగరెట్ ఒకటే’ అనే శీర్షిక పుట్టుకొచ్చింది. ఆ వర్గీకరణ చెప్పేది ఆధారం ఎంత గట్టిదన్నదే గాని, హాని ఎంత పెద్దదన్నది కాదు. తేలుకూ విషముంది, నాగుపాముకూ విషముంది. రెండింటికీ విషమున్నదని రుజువైనంత మాత్రాన తేలు కుట్టినవాడినీ, పాము కరిచినవాడినీ వైద్యుడు ఒకే తీరుగా చూడడు. అదే సంస్థ తన వివరణలో ఉటంకించిన అంచనాల ప్రకారం, ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువగా తినడం వల్ల ప్రపంచంలో ఏటా సంభవించే క్యాన్సర్ మరణాలు సుమారు 34,000 కాగా, పొగాకు వల్ల సంభవించే క్యాన్సర్ మరణాలు సుమారు 10 లక్షలు.

అలాగని తేలికగా తీసివేయడానికీ లేదు. రోజూ 50 గ్రాముల చొప్పున తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని ఆ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 50 గ్రాములంటే ఒక హాట్‌డాగ్, లేదా పలుచగా కోసిన మూడు నాలుగు హామ్ ముక్కలు. ఈ 18 శాతాన్ని చాలామంది ‘నూటికి పద్దెనిమిది మందికి వస్తుంది’ అని చదువుకుంటారు. అది పొరపాటు. బ్రిటన్‌లో 1,000 మందిని తీసుకుంటే జీవితకాలంలో సుమారు 61 మందికి ఈ క్యాన్సర్ వస్తుంది; ఈ మాంసం బాగా తక్కువగా తినేవారిలో అది దాదాపు 56, బాగా ఎక్కువగా తినేవారిలో దాదాపు 66 ఉండవచ్చని అక్కడి క్యాన్సర్ పరిశోధకులు అంచనా వేశారు. అంటే వెయ్యిమందిలో పదిమంది తేడా. మన దేశంలో ఈ క్యాన్సర్ బ్రిటన్, అమెరికాలతో పోలిస్తే చాలా తక్కువ కాబట్టి, అదే 18 శాతం ఇక్కడ ఇంకా చిన్న సంఖ్య మీద పడుతుంది. కానీ వలస వెళ్లినవారి ముప్పు కాలక్రమేణా వెళ్లిన దేశపు ముప్పుకు దగ్గరవుతూ వస్తుందన్నది పాత పరిశీలనే. అక్కడే పుట్టి, అక్కడి తిండే తింటూ పెరిగే మీ మనవడిని విజయవాడ లెక్కతో చూడలేము.

ఈ మాంసంలో ఏం జరుగుతుందో చూడాలంటే ప్రయోగశాల అక్కరలేదు. ఈసారి వంటింట్లో ఒక పచ్చి కోడి ముక్కనూ, మీ వారి సాసేజ్‌నూ ఒకే గిన్నెలో ఉడికించండి. కోడి ముక్క తెల్లబారుతుంది. వేటమాంసమైతే గోధుమ రంగుకు తిరుగుతుంది. సాసేజ్ మాత్రం ఉడికిన తరువాత కూడా గులాబీ రంగులోనే ఉంటుంది. ఆ రంగు సహజమైనది కాదు. సోడియం నైట్రైట్ నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ కండరంలోని ఎర్రటి ప్రోటీన్‌ను పట్టుకుని, వేడికి చెదరని ఆ గులాబీ రంగును ఇస్తుంది. పొట్లం వెనుక పదార్థాల వరుసలో 250 అనే సంఖ్య కనిపిస్తే అది సోడియం నైట్రైటే. 249 పొటాషియం నైట్రైట్, 251, 252 నైట్రేట్లు, అంటే బాక్టీరియా చేతిలో నైట్రైట్‌గా మారే లవణాలు. ఈ 252 మనకు కొత్తదేమీ కాదు, దీపావళి మందులో వాడే సురేకారమే. పూర్వం బీహారు నుంచి తుపాకిమందు కోసం ఓడల్లో తరలిన ఆ ఉప్పునే ఐరోపావారు మాంసం ఊరబెట్టడానికీ వాడేవారు.

ఇంతకూ దాన్ని ఎందుకు కలుపుతారన్నది న్యాయంగా చెప్పుకోవాలి. రంగు కోసం మాత్రమే కాదు. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషాన్ని పుట్టించే సూక్ష్మజీవిని నైట్రైట్ ఎదగనివ్వదు. ఆ జబ్బు పేరే లాటిన్ భాషలో సాసేజ్‌కు ఉన్న మాట నుంచి వచ్చింది. 1820 ప్రాంతంలో జర్మనీలో జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు సాసేజ్ తిని చనిపోయినవారి లక్షణాలను మొదటిసారి వివరంగా రాసిపెట్టాడు. కాబట్టి ఒక పెద్ద ప్రమాదాన్ని తప్పించడానికి చేరిన పదార్థమే మరో చిన్న ప్రమాదాన్ని నెమ్మదిగా మోసుకొచ్చింది. మాంసంలోని ప్రోటీన్ల నుంచి వచ్చే అమైన్లతో నైట్రైట్ కలిసినప్పుడు నైట్రోసమీన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి. వాటిలో ఒకటి ఎలుకలలో కాలేయ క్యాన్సర్‌ను కలిగిస్తుందని 1956లోనే తేలింది. 1960ల తొలినాళ్లలో నార్వేలో గొర్రెలు కాలేయం పాడై చనిపోతుంటే కారణం వెతికినప్పుడు, వాటికి పెట్టిన చేపల పిండిని నైట్రైట్‌తో నిల్వ చేసినట్టు బయటపడింది. మనిషి పేగులో ఇదే ప్రక్రియను మాంసంలోని హీమ్ ఇనుము, అంటే మాంసానికి ఎర్రరంగునిచ్చే పదార్థంలోని ఇనుము, ఇంకా ఎగదోస్తుంది. బేకన్‌ను కరకరలాడేలా మాడ్చి వేయించినప్పుడు అధిక వేడికి మరికొన్ని నైట్రోసమీన్లు పుడతాయి, పొగ పట్టించిన మాంసంలో పొగ తెచ్చే హానికర పదార్థాలు వాటికి తోడవుతాయి. ఈ కారణంగానే చాలా కంపెనీలు నైట్రైట్‌తో పాటు విటమిన్ సి జాతి పదార్థాలను కూడా కలుపుతాయి. అవి ఈ రసాయన చర్యను కొంత అడ్డుకుంటాయి గాని, పూర్తిగా ఆపలేవు.

ఇక్కడ తప్పకుండా ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. పాలకూరలో, బీట్‌రూట్‌లో నైట్రేట్లు ఇంతకన్నా ఎక్కువ కదా, వాటినెందుకు తినమంటారు అని. నిజమే, మన శరీరంలోకి వెళ్లే నైట్రేట్లలో అధిక భాగం కూరగాయల నుంచే వస్తుంది. కానీ ఆకుకూరలో విటమిన్ సి, పాలీఫినాల్స్ అనే మొక్కల రక్షక పదార్థాలు, పీచు వెంటే ఉంటాయి. హీమ్ ఇనుము ఉండదు. కత్తి ఒకటే అయినా అది ఎవరి చేతిలో ఉందన్నది చూడాలి.

మీ అమ్మాయి చెప్పిన ‘అన్‌క్యూర్డ్’ మాట దగ్గర నాకు కొంచెం కోపం వస్తుంది, ఆమె మీద కాదు, ఆ మాటను అలా వాడనిచ్చిన లేబుల్ నిబంధన మీద. ఆ పొట్లాన్ని తిప్పి చూడమనండి. ‘నైట్రేట్, నైట్రైట్ కలపలేదు’ అన్న పెద్ద అక్షరాల కింద, ‘సెలెరీ పొడిలో సహజంగా ఉన్నవి తప్ప’ అని చీమంత అక్షరాలలో ఉంటుంది. సెలెరీ అనే కాడకూరలో నైట్రేట్ మెండుగా ఉంటుంది. దాని పొడిలోని నైట్రేట్‌ను బాక్టీరియాతో నైట్రైట్‌గా మార్చి మాంసంలో కలుపుతారు. మాంసంలో చేరాక ఆ నైట్రైట్ సంచిలోంచి వచ్చిందా, సెలెరీలోంచి వచ్చిందా అన్నది పేగుకు తెలియదు. అమెరికాలో ఒక వినియోగదారుల సంస్థ 2019లో పరీక్ష చేయించినప్పుడు మామూలుగా ఊరబెట్టినది, అన్‌క్యూర్డ్ అని అమ్మేది, ఈ రెండు రకాలలోనూ నైట్రైట్ దాదాపు ఒకే మోతాదులో ఉంది. కనుక అన్‌క్యూర్డ్ అన్న ముద్రకు ఎక్కువ డబ్బు పెట్టడం వృథా.

‘చికెనే కదా’ అన్న ధైర్యం కూడా ఇలాంటిదే, కాకపోతే కొంత నిజం ఉంది. కోడి, టర్కీ మాంసాలలో హీమ్ ఇనుము వేట, గొడ్డు మాంసాలకన్నా తక్కువ. ఇప్పటివరకు వచ్చిన ఆధారాలలో ఎక్కువ భాగం పంది, గొడ్డు మాంసాలతో చేసిన పదార్థాలవే. అయితే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నిర్వచనం కోడిమాంసాన్ని మినహాయించలేదు. నైట్రైట్, ఉప్పు రెండూ చికెన్ సాసేజ్‌లోనూ ఉన్నాయి. ముప్పు కొంత తక్కువ కావచ్చునని నేను ఒప్పుకుంటాను గానీ, లేదని మాత్రం అనను.

మీ వారి విషయంలో నాకు క్యాన్సర్ కన్నా ముందు ఉప్పే గుర్తొస్తుంది. మీరు పంపిన పొట్లం ఫొటోలో 100 గ్రాములకు సోడియం 800 మిల్లీగ్రాములని ఉంది. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, అంటే 2 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. పొద్దున్నే ఆ కోటాలో అయిదింట రెండు వంతులు సాసేజ్‌కే పోతే, మధ్యాహ్నం పప్పుచారు, పచ్చడి, అప్పడం, రాత్రి పెరుగన్నంలో మజ్జిగ మిరపకాయ, ఇవన్నీ ఏ ఖాతాలో రాయాలి? ఆయన రక్తపోటు మాత్ర మోతాదు రెండేళ్లలో రెండుసార్లు పెంచారని రాశారు. మాత్ర మార్చే ముందు ఈ లెక్క ఎవరైనా వేశారా అని నాకు అనుమానం.

గుండె, మధుమేహాల మీద వచ్చిన అధ్యయనాలూ ఇటే చూపిస్తున్నాయి. భారతదేశం కూడా పాల్గొన్న, 21 దేశాల్లో లక్షా 34 వేల మందిని కొన్నేళ్లపాటు గమనించిన ఒక పెద్ద అధ్యయనం 2021లో వెలువడింది. ప్రాసెస్ చేసిన మాంసం అసలు తిననివారితో పోలిస్తే వారానికి 150 గ్రాములు, ఆపైన తినేవారిలో గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు 46 శాతం ఎక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో మామూలు వేటమాంసం, కోడిమాంసం తినేవారిలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. దాదాపు 20 లక్షల మంది వివరాలను కలిపి 2024లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రోజుకు 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం తినేవారికి మధుమేహం ముప్పు 15 శాతం ఎక్కువ. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో చెప్పింది. ఆ నేపథ్యంలో మన ఇళ్లలో ఈ 15 శాతానికే ఎక్కువ బరువు ఉందని నా అభిప్రాయం.

ఇవన్నీ మనుషులు ఏం తింటున్నారో అడిగి, తరువాత ఎవరికి ఏం జబ్బు వచ్చిందో చూసిన అధ్యయనాలు. రోజూ హాట్‌డాగ్ తినేవాడు తరచుగా పొగ తాగేవాడూ, కూరగాయలు ముట్టనివాడూ అయి ఉంటాడు. గణితంతో ఆ తేడాలను సరిచేస్తారు గాని పూర్తిగా తుడిచివేయలేరు. ఈ కారణం చూపే 2019లో ఒక పరిశోధక బృందం, ఆధారాల బలం తక్కువ కనుక జనం ఇప్పుడు తింటున్నంత తినవచ్చునని సలహా ఇచ్చి పెద్ద దుమారం రేపింది. వారి అభ్యంతరాన్ని నేను గౌరవిస్తాను, వారి సలహాను అంగీకరించను. పేగులో జరిగేదానికి రసాయన వివరణ ఉన్నది, జంతువులపై ఆధారమున్నది, వేర్వేరు దేశాల అధ్యయనాలు ఒకే దిక్కు చూపుతున్నాయి. పైగా మానేస్తే పోయే పోషకమేదీ ఇందులో లేదు.

మీ వారు వారానికి నాలుగైదు పొద్దులు తినడం మానేసి, నెలకు ఒకటి రెండుసార్లకు తగ్గిస్తే నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు కూడా మాడ్చకుండా, నీళ్లలో ఉడికించి, పక్కన ఉల్లిపాయ, టమాటా, కీరా ముక్కలు పెట్టుకుని తినమనండి. మిగతా పొద్దులకు గుడ్డు ఉంది, పెసరట్టు ఉంది. వయసు అరవై దాటింది కనుక మలంలో రక్తం పడినా, మలవిసర్జన తీరు కొన్ని వారాలపాటు మారినా మొలలే అనుకుని ఊరుకోకుండా వైద్యుడికి చూపించుకోవాలి. ఈ క్యాన్సర్ చాలాసార్లు చిన్న బుడిపెగా మొదలై ఏళ్ల తరబడి పెరుగుతుంది, తొందరగా పట్టుకుంటే తీసివేయగలిగినది.

మనవడి డబ్బా లెక్క కూడా వేసి చూశాను. మీ అమ్మాయి పంపిన వివరాల ప్రకారం టర్కీ ముక్కలు 56 గ్రాములు, వాటిలో సోడియం 500 మిల్లీగ్రాములు. రెండు బ్రెడ్ ముక్కలలో 260, చీజ్ ముక్కలో 250. మొత్తం 1,010. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి 1,500 దాటవద్దని అమెరికాలోని నిపుణులే చెబుతారు. మూడింట రెండు వంతులు ఒక్క శాండ్‌విచ్‌లోనే అయిపోయింది. ఉద్యోగం, కడుపుతో ఉండటం, పిల్లవాడి బడి, వీటి మధ్య ఆ పొట్లం ఎంత వెసులుబాటో నాకు తెలుసు, అందుకే ఆమెను తప్పుపట్టవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. ఆదివారం అరకిలో ఎముకల్లేని కోడిమాంసాన్ని మిరియాలు, పసుపు, కొంచెం అల్లంవెల్లుల్లి, చిటికెడు ఉప్పుతో ఉడికించి, చల్లారాక పలుచగా కోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే బుధవారం దాకా వస్తుంది. గురు, శుక్రవారాలకు ఉడికించిన గుడ్డో, వేరుశనగ ముద్దో పెట్టవచ్చు. పుట్టినరోజు విందులో పెప్పరోనీ పిజ్జా తిన్నాడని మాత్రం ఎవరూ కంగారుపడనక్కరలేదు.

మిగిలింది మన పచ్చడి, ఎండుచేపల సంగతి. మాంసం పచ్చడిలోనూ, ఉప్పు పసుపు పట్టించి దండేనికి ఆరవేసే ఎండు మాంసంలోనూ ఉప్పు ఉంది కాబట్టి నిర్వచనం మాట ప్రకారం అవీ దీని కిందికే వస్తాయి. కానీ ఇళ్లలో చేసుకునేవాటిలో నైట్రైట్ కలపరు. పెద్ద అధ్యయనాలన్నీ సాసేజ్, హామ్, బేకన్ తినే జనాలమీద జరిగినవి. ఆ 18 శాతాన్ని ఎత్తుకొచ్చి మన జాడీమీద అంటించడం సరికాదు. బజారులో కొన్న పచ్చడి అయితే సీసా వెనుక 250 ఉందేమో ఒకసారి చూసుకోండి. ఎండుచేపల విషయంలో, చైనా పద్ధతిలో ఉప్పుపెట్టిన చేప ముక్కు వెనుక గొంతు భాగంలో వచ్చే క్యాన్సర్‌కు కారణమని అదే అంతర్జాతీయ సంస్థ నిర్ధారించింది; అక్కడ చేపను ఉప్పులో వేసే ముందు కొంత మెత్తబడనిస్తారు, పాలు మాన్పించే వయసు నుంచే పిల్లలకు పెడతారు. ఇతర రకాల ఉప్పుచేపల విషయంలో అటో ఇటో తేల్చడానికి ఆధారాలు చాలవని 1993లో ఆ సంస్థే రాసింది. వండే ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు కడిగి, ఆ నీళ్లు పారబోసే మన అలవాటు ఉప్పును కొంత తగ్గిస్తుంది. మీరు వారానికో పూట ఎండుచేపల పులుసు చేసుకుంటే నేను వద్దనను, మీ వారికి మాత్రం ఆ రోజు పక్కన అప్పడం, ఊరగాయ వడ్డించకండి.